మిగల్చడం ఎవరి ధర్మం?

పరిశోధన రోజుల నాటి నోటుపుస్తకం ఒకటి ఇంకా నా దగ్గరుంది. అందులో ఒక వాక్యం కింద రెండు గీతలు గీసుకున్నాను: ‘చెంచు స్త్రీకి అడవి తల్లి, తల్లి దగ్గర బిడ్డ తనకు కావలసినంతే తీసుకుంటుంది.’ నా సిద్ధాంత గ్రంథంలో నాలుగో అధ్యాయం ఆ వాక్యంతోనే మొదలవుతుంది. పరీక్షకులు మెచ్చుకున్నదీ దాన్నే. ఇవాళ చదువుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

తెలుగు సాహిత్యంలో ఆదివాసీ స్త్రీ చిత్రణ మీద పనిచేస్తూ, పుస్తకాల్లో చదివిన మనుషుల్ని ఒక్కసారైనా చూడకపోతే ఎలా అనిపించి, 2014 చివర్లో నల్లమలలో ఆత్మకూరు వైపున్న ఒక చెంచుగూడేనికి వెళ్ళాను. అప్పుడది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడ ఒక అవ్వ తనతో పాటు నన్ను అడవిలోకి రానిచ్చింది. చేతిలో తవ్వుకోల, దాని కొనకు ఇనుప ములుకు. ఎండిన తీగ ఆనవాలు పట్టి మోకాలి లోతు తవ్వింది. గడ్డ కింది భాగం కోసి బుట్టలో వేసుకుని, తీగ ఉన్న పైముక్కను మళ్ళీ గుంటలో పెట్టి మన్ను కప్పింది. మడమతో అదిమింది. ఎందుకని అడిగితే, “వచ్చే ఏడు మళ్ళా ఈడికే వస్తాం గదా” అంది.

ఆమె చెప్పింది అంతే. నేను రాసుకున్నది మాత్రం తల్లీ, బిడ్డా, పవిత్రతా!

2016 వేసవిలో మళ్ళీ వెళ్ళాను. ఆ ఉదయం బస్టాండులో చల్లగా నన్నారి షర్బత్ తాగి బయల్దేరాను. అవ్వ ఆ రోజు రాళ్ళ వాలులో నన్నారి వేర్లు తవ్వుతోంది. రాళ్ళ సందుల్లోంచి వేరు ఎంత దూరం పోతే అంత దూరం తవ్వి, మొదలంటా పెకలించి గోతంలో వేస్తోంది. వేళ్ళన్నీ లాగేస్తే ఆ తీగ ఇక బతకదు. ఈసారి ఏ ముక్కా మంట్లోకి తిరిగి పోలేదు.

“అవ్వా, దీనికి మొదలు పూడ్చిపెట్టవా?” అన్నాను.

“నేను మిగిలిస్తే నా ఎనక వచ్చేటోడు నాకు మిగిలిస్తాడా పాపా?” అంది. తల ఎత్తకుండానే.

నాకు ముందు కోపం వచ్చింది. నా అధ్యాయాన్ని ఆమె చెడగొడుతోందన్న కోపం! పొద్దున నేను తాగిన షర్బత్ ఆ గోతంలోంచే వస్తుందన్న స్పృహ ఆ తర్వాతెప్పుడో కలిగింది.

అదే మనిషి, అదే చెయ్యి, అదే తవ్వుకోల. మారిందేమిటి? ఇంటి తిండికి తవ్వే గడ్డ కోసం బయటివాళ్ళెవరూ రారు. వచ్చే ఏడు అది తనదే. నన్నారికి బజారుంది. దాని కోసం ఎక్కడెక్కడి వాళ్ళో అడవిలో దిగుతారు. పైగా 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన అడవి అది. వచ్చే ఏడు ఆ వాలు దాకా తనను పోనిస్తారో లేదో ఆమెకు తెలియదు. రేపటి మీద భరోసా ఉన్నచోట మిగిల్చింది. లేనిచోట మిగల్చలేదు. నేను స్వభావం అనుకున్నది నిజానికి నమ్మకం. ఆ నమ్మకానికి ఒక ఆధారం కావాలి.

అలాంటి ఆధారాలు కట్టుకోవడం చెంచులకు తెలియనిదేం కాదు. తేనె తీయడానికి మనిషి కొండచరియ మీంచి తాడు పట్టుకుని దిగుతాడు. పైన ఆ తాడును కాపలా కాసేది అతని భార్య అన్నో తమ్ముడో. తోడబుట్టినదాన్ని విధవను చేసుకోడు కదా అని దానికి కారణం చెబుతారు. మగవాడి ప్రాణభద్రత ఒక స్త్రీ వైధవ్య భయం మీద ఆధారపడి ఉందన్నది మనం విడిగా మాట్లాడుకోవలసిన విషయం. ఇక్కడ చూడవలసింది, వాళ్ళు మనిషి మంచితనానికే అంతా వదిలేయలేదు. మంచిగా ఉండడం సాధ్యమయ్యే ఏర్పాటు ఒకటి చేసుకున్నారు.

1968లో గారెట్ హార్డిన్ ఉమ్మడి వనరుల విషాదం గురించి రాశాడు. అందరిదీ అయిన బీడులో ప్రతివాడూ తన పశువుల్నే పెంచుకుంటూ పోతాడు, చివరికి బీడే మిగలదు అన్నాడు. ఎలినార్ ఆస్ట్రమ్ దానికి 1990లో తన పుస్తకంలో జవాబిచ్చింది. నీటినీ అడవినీ తరాల తరబడి కాపాడుకున్న సమూహాలున్నాయి, అయితే నియమాలు చేసుకునే హక్కు వాళ్ళ చేతుల్లో ఉండాలి, ఆ హక్కును పైవాళ్ళు గుర్తించాలి అంది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి స్త్రీ ఆమె. సాహిత్య విద్యార్థిని కాబట్టి నేను ఆమెను ఆలస్యంగా చదివాను. అవ్వ ప్రశ్న ముందే విన్నాను గనుక ఆ పుస్తకం కొత్తగా అనిపించలేదు.

తపసి బంక సంగతీ ఇంతే. గొడ్డలితో లోతుగా నరికితే బంక ఎక్కువ కారుతుంది, చెట్టు చస్తుంది. పైపైన చిన్న గాటు పెడితే చెట్టు బతికి మళ్ళీ ఇస్తుంది. అది తెలియక ఎవరూ లోతుగా నరకరు. ఈ చెట్టు రేపు నాదన్న ధీమా లేక నరుకుతారు. ఆ బంకకు అంటిన బెరడు ఏరి, ఎండబెట్టి, తెల్లదీ నల్లదీ వేరుచేసే పని ఆడవాళ్ళది. అది ఎక్కడెక్కడికో పోయి, ఏదో దేశంలో కట్టుడు పళ్ళను చిగుళ్ళకు అంటించే పొడిలో కలుస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయంగా ఏరుకునే చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఏరుకునేవాళ్ళదే అంది. తేనె, వేర్లు, దుంపలు అందులో పేరుపేరునా ఉన్నాయి. సామూహిక అడవిని కాపాడుకునే హక్కునూ గుర్తించింది. భూమి హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంది. అంటే అవ్వ ప్రశ్నకు కాగితం మీద జవాబుంది. ఆ వాలు మీద నేను నిలబడిన రోజున ఆ జవాబు ఆమె దాకా రాలేదు.

ఆడవాళ్ళూ ప్రకృతీ ఒకటే అన్న వాదాన్ని బీనా అగర్వాల్ 1992లోనే ప్రశ్నించింది. ప్రకృతితో స్త్రీకున్న సంబంధం ఆమె శ్రమలోంచీ, ఆస్తిలేనితనంలోంచీ వస్తుందని చూపించింది. ఆ వ్యాసాన్ని నేను సిద్ధాంత గ్రంథంలో ఉదహరించాను కూడా. ఉదహరించి, మళ్ళీ ‘అడవి తల్లి’ అని రాశాను. పొగడ్త అంత సుఖంగా ఉంటుంది, పొగిడేవాళ్ళకి.

మా ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది మా అమ్మ తినేది. బంధువులు ఆమెను అన్నపూర్ణ అనేవాళ్ళు. ఆ మాటకు మేమూ మురిసిపోయేవాళ్ళం. నాన్న పోయాక ఆమె పేర పెన్షన్ రావడం మొదలైంది. ఆ మొదటి వేసవిలో మామిడిపళ్ళు తనే వెళ్ళి బేరమాడి తెచ్చుకుంది. ఎవరి కోసమూ చూడకుండా మొదటి పండు తను తింది. తర్వాత మా అందరికీ కోసిపెట్టింది. అంతకుముందు కూడా ఆమె మాకు పెట్టింది. కానీ అప్పుడు పెట్టకుండా ఉండే వీలు ఆమెకు లేదు. ఈసారి పెట్టింది ఆమె ఇష్టం.

తీసుకునే హక్కు ఉన్నవాళ్ళు మిగిలిస్తేనే అది ధర్మం. హక్కు లేనివాళ్ళ చేత మిగిల్పించి దానికి ధర్మమని పేరు పెట్టడం దోపిడీకి ఇంకో పేరు. ఆదివాసుల నిరాడంబరతను పొగిడే నా నాలుగో అధ్యాయానికీ, ఇల్లాలి ఓర్పును పొగిడే పద్యానికీ తేడా లేదు.

అలాగని పోయిన నన్నారి తీగ చిన్న నష్టమా? కాదు. ఆ రోజు గోతం నెత్తికెత్తుకుంటూ అవ్వే అంది, “ఇంగ నాలుగేండ్లకు ఈడ ఇవి ఉండవులే” అని. తెలియక చేస్తున్న పని కాదది. మొదట నష్టపోయేది తనేనని నాకంటే ఆమెకే బాగా తెలుసు.

సిద్ధాంత గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా వేయాలని కూర్చున్నాను. నాలుగో అధ్యాయం మొదటి వాక్యం కొట్టేశాను. ఆ చోట అవ్వ ప్రశ్న పెడదామనుకుని ఆగాను. ఆమె మాట తెచ్చుకోవడం కూడా తవ్వుకుపోవడమే కదా! అందుకే ఆ పేజీ అచ్చుకివ్వక ముందు మళ్ళీ ఆత్మకూరు బస్సెక్కుతున్నాను. నువ్వన్న మాట ఇలా రాసుకోనా, కింద నీ పేరు పెట్టనా, వద్దా అని ఆమెనే అడగాలి. ఆమె వద్దంటే ఆ పేజీ ఖాళీగానే అచ్చవుతుంది.