పుట్టిన కబురు ఎవరిది?

మా ఇళ్ళల్లో బిడ్డ పుడితే మొదటి మాట చెవిలో చెబుతారు. కుడి చెవిలో అజాన్. మసీదు మైకులో రోజుకు ఐదుసార్లు వినబడే పిలుపే, కాకపోతే ఆ బిడ్డకు మాత్రమే వినబడేంత మెల్లగా. సర్కారు దవాఖానాలో మొదటి మాట కేకేసి చెబుతారు. లేబర్ రూం తలుపు సగం తెరిచి ఆయా అరుస్తుంది: "ఖాజాబీ మనుషులెవరు? ఆడపిల్ల!" బెంచీల మీద, నేల మీద, మెట్ల మీద కూర్చున్న వాళ్ళంతా తలలు తిప్పుతారు. తల్లి పేరు, ఆమె మతం, పుట్టింది ఆడో మగో, మూడూ ఒక్క కేకలో అందరి సొత్తయిపోతాయి. లోపల ఖాజాబీకి ఇంకా కుట్లు కూడా వేసి ఉండరు.

ఖాజాబీ అన్నది మేం పెట్టిన పేరు. లక్ష్మమ్మ అనుకున్నా కేక అదే. కానీ ఆ కబురు ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. కన్నదానిదా? బయట నిలబడ్డ అత్తదా? దవాఖానాదా? సర్కారుదా? ఆయాకైతే జవాబు తెలుసు. కబురు తెచ్చినవాళ్ళది. కొడుకైతే ఖుషీ పైసలు ఎక్కువ, కూతురైతే తక్కువ. చాలీచాలని జీతం మీద బతికే ఆమెను తిట్టి లాభం లేదు. ఆడపిల్లకు రేటు తగ్గించింది ఆమె కాదు, మనం.

కేక పడగానే పక్కవాళ్ళు "ఎన్నో కాన్పు?" అని అడుగుతారు. లక్ష్మమ్మ వాళ్ళనీ అడుగుతారు, కాదనం. అక్కడ అది ఒక ఇంటి ముచ్చట. మమ్మల్ని అడిగినప్పుడు అది దేశం లెక్క అవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 2.4కు దిగింది. దిగిన సంగతి కారిడార్‌లో ఎవరికీ అక్కర్లేదు. మా పిల్ల పుడితే పిల్ల పుట్టిందనరు, ఒకరు పెరిగారంటారు. అందుకే మా ఆడవాళ్ళు కొందరు ఆ ప్రశ్నకు ఒక కాన్పు తగ్గించి చెబుతారు. కన్న బిడ్డను లెక్కలోంచి తీసేసి చెప్పుకోవాల్సి రావడం ఎంత అవమానమో అడిగినవాళ్ళకు తెలియదు.

పుట్టిన కబురు దాచుకోవడం మన దేశానికి కొత్తేం కాదు. మా దగ్గర ఛిల్లా, నలభై రోజులు. మీ దగ్గర పురుడు. మేం నజర్ అంటే మీరు దిష్టి అంటారు. కాటుక చుక్క మాత్రం ఒకటే. మూఢనమ్మకమని చదువుకున్నవాళ్ళం నవ్వుతాం. కానీ పెద్దల కథల్లోకి తొంగిచూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఫిరౌన్ మనుషులకు తెలియకుండా మూసా తల్లి బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. అక్క దూరంనుంచి కనిపెడుతూ నడిచింది. కంసుడి కాపలా దాటించి వసుదేవుడు అర్ధరాత్రి యమున దాటాడు. రెండు కథల్లోనూ బిడ్డకు ముప్పు కత్తితో కాదు, కబురుతో మొదలైంది. పుట్టాడని తెలియకూడని వాడికి తెలియకుండా ఉండటమే ఆ తల్లులు చేసిన కాపలా.

ఇప్పుడు ఫిరౌన్ లేడు గానీ దొంగలున్నారు. 2018 జులైలో హైదరాబాద్ కోఠి ప్రసూతి ఆసుపత్రి నుంచి రోజుల పసికందును ఒక స్త్రీ ఎత్తుకుపోయింది. పోలీసులు వెంటాడితే బీదర్‌లో దొరికింది. బిడ్డ మళ్ళీ తల్లి ఒడికి చేరింది కాబట్టి అందరం మరిచిపోయాం. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు చాలాసార్లు గోడ దూకి రారు. "అమ్మా ఫలానా, బిడ్డను ఇటివ్వు, టీకా వేయించుకొస్తా" అని పేరు పెట్టి పిలుస్తూ వస్తారు. ఆ పేరు వాళ్ళకు చెప్పిందెవరు? తలుపు దగ్గరి కేక, మంచానికి వేలాడే కేస్ షీటు, చేతి ట్యాగ్ కనబడేట్టు తీసి వాట్సాప్‌లో తిప్పిన ఫొటో. మంచం దగ్గర తోడు ఎవరూ లేరన్న సంగతి కూడా వార్డంతా తెలుసు. తీరా దొంగతనం జరిగాక పత్రికల్లో తల్లి పేరు, ఊరు, వార్డు, మంచం నంబరు అన్నీ వస్తాయి. దొంగ ముఖం కెమెరాలో కనబడకపోతే మర్నాటినుంచి గేటు దగ్గర బురఖాలన్నీ అనుమానం కిందికి వస్తాయి. ముఖం చూడొద్దని మేం అనడం లేదు. గేటు పక్కన ఒక గుడ్డ తెర, దాని వెనక ఒక ఆడ గార్డు ఉంటే చాలు. నడిదారిలో నఖాబ్ ఎత్తమని అరిచే మగ గార్డు వల్ల ఏ బిడ్డకూ రక్షణ పెరగదు.

అయితే కేకను పూర్తిగా కొట్టిపారేయలేం. తలుపు దగ్గర పొద్దున్నుంచి కదలకుండా నిలబడ్డ ముసలమ్మను అడగండి. "నలుగురి ముందు చెప్పాలె బిడ్డా, లోపల మారుస్తరు" అంటుంది. ఆమెది ఉత్త భయం కాదు. అదే కోఠి ఆసుపత్రిలో 2016లో ఒక మగబిడ్డ కోసం ఇద్దరు తల్లులు తగాదా పడితే డీఎన్ఏ పరీక్ష చేస్తేగానీ తేలలేదు. కాగితం మీద నమ్మకం లేని పేదవాళ్ళకు నలుగురి చెవులే రిజిస్టరు. ఆ నలుగురిలోనే దొంగ కూడా ఉండొచ్చన్నది వాళ్ళ దురదృష్టం. డబ్బున్నవాళ్ళకు ఈ చిక్కు లేదు. కార్పొరేట్ ఆసుపత్రిలో గది వేరు, తలుపు వేరు. డాక్టరే వచ్చి చెవిలో చెప్పినట్టు చెబుతుంది.

ఇక్కడ మాకు ఒక మాట అనాలనిపిస్తోంది. పరదా అనగానే మమ్మల్ని వెనకబడినవాళ్ళన్నారు. అందులో నిజం ఎంతో మాలో మేమూ తగువు పడుతూనే ఉన్నాం. కానీ డబ్బులు పెట్టి కొనుక్కుంటే అదే పరదా పేరు ప్రైవసీ. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆ హక్కు ప్రసూతి వార్డులో రెండు మంచాల మధ్య గుడ్డ తెరగా ఎప్పుడు దిగుతుంది? బిడ్డకు పాలిస్తున్న తల్లి గోడవైపు తిరిగి కూర్చోవడమే ఇప్పటికీ ఆమెకున్న గోప్యత.

సర్కారుకు కబురు చెప్పకుండా ఉండమని మేం అనం. 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లో జననం నమోదు కావాలి. 2023 సవరణ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు ఆ సర్టిఫికెటే ఆధారం. కాగితం లేకపోతే ఏమవుతుందో పౌరసత్వ చర్చల కాలంలో తాతల కాగితాలు వెతుక్కున్న మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ ఫారంలో మతం గడి కూడా ఉంది. అదే సవరణతో ఆ వివరాలు జనాభా రిజిస్టరు, ఓటర్ల జాబితా వంటి వాటికి చేరే దారి కూడా పడింది. చెప్పకపోతే బిడ్డ లేనట్టు, చెబితే ఎవరి చేతికి పోతుందో తెలియనట్టు. రక్షణ కోసం ఇచ్చిన కబురు నిఘాకు పనికిరాకూడదని అడగడం దేశద్రోహం కాదు గదా!

ఇంతకీ దవాఖానాలో ఏం చేయొచ్చు? పెద్ద ఖర్చు లేని పనులే. కాన్పుకు ముందే తల్లిని అడగాలి: ఎవరికి చెప్పమంటావు, ఎవరికి వద్దంటావు? ఆ ఒక్కరిని లోపలికి పిలిచి, తల్లి ముందే బిడ్డను చూపించి, తల్లికీ బిడ్డకూ ఒకే నంబరు ట్యాగ్ కట్టాలి. బయటికి పేరు పోకూడదు. బిడ్డను టీకాకు తీసుకుపోతే తల్లో, ఆమె మనిషో వెంట ఉండాలి. తలుపు దగ్గరి ముసలమ్మకు కావలసిన సాక్ష్యం ఇందులోనే ఉంది. ఆమెకు చదువు రాదు, నంబరు ఎట్లా చదువుతుందని మీరడగొచ్చు. నిజమే. ఎవరో ఒక నర్సు రెండు నిమిషాలు ఆగి, తల్లి చేతి మీది ట్యాగ్, బిడ్డ కాలి మీది ట్యాగ్ పక్కపక్కన పెట్టి, ఒక్కో అంకె ఆమె చెవిలో చదివి చెప్పాలి.