చూడని యజమాని, చూస్తున్న ప్రభువు

ఇంట్లో కూర్చునే కంప్యూటర్ మీద పనిచేసి సంపాదించుకోవాలనుకునే యువతీ యువకులు నేడు మన ఇళ్ళల్లో ఎందరో ఉన్నారు. డిజైను, అనువాదం, జమాఖర్చులు, వెబ్‌సైట్ల తయారీ - ఎవరికి వచ్చిన పని వారు చేస్తారు. అప్‌వర్క్, ఫైవర్ వంటి వేదికల్లో పేరు నమోదు చేసుకుంటే, ఎక్కడో దూరదేశంలో ఉన్న మనిషి పని అప్పగిస్తాడు. ఇది ధర్మసమ్మతమేనా అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. పని హలాల్‌దై, కూలి ముందే తేలి ఉంటే సందేహపడనక్కర లేదు. అసలు చిక్కు వేరే చోట ఉంది.

ఈ వేదికల్లో పని చేయించుకున్నవారు చివరికి స్టార్లు వేసి, తమ అభిప్రాయం రాస్తారు. కొత్తవారికి అవి ఉండవు. స్టార్లు లేనిదే పని దొరకదు, పని దొరకనిదే స్టార్లు రావు. నెలలు గడుస్తాయి. ఇంట్లో అవసరాలు ఆగవు. అప్పుడు షైతాన్ మెల్లగా ఊదుతాడు: "బంధువు ఒకరి చేత పని ఇచ్చినట్లు చూపించి అయిదు స్టార్లు వేయించుకో. ఎవరో చేసిన డిజైను నీదని పెట్టుకో. రేపు పని బాగానే చేస్తావు కదా, ఎవరికి నష్టం?"

సోదరులారా! స్టార్లు వేయడమంటే సాక్ష్యం పలకడమే. దైవప్రవక్త (స) మహాపరాధాలను గురించి చెబుతూ, అబద్ధ సాక్ష్యం మాట వచ్చేసరికి, అప్పటిదాకా ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చున్నారు. ఆ మాటను పదే పదే హెచ్చరించారు. ఇక నష్టం ఎవరికంటారా? ఆ సాక్ష్యాన్ని నమ్మిన అపరిచితునికి నష్టం. నిజాయితీగా తన వంతు కోసం ఎదురుచూస్తున్న మరో పేద యువకునికి నష్టం. అందరికంటే ముందు, మొదటి రూపాయినే అబద్ధంతో అందుకున్న మన ఆత్మకు నష్టం.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, జనానికి కనిపించేలా ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించారు. మోసగించేవాడు మనవాడు కాడని స్పష్టం చేశారు. అనుభవం లేకపోవడం కూడా అటువంటి తడే. అది పాపం కాదు, దాన్ని దాచడమే పాపం. "నేను కొత్త. ఇది వచ్చు, ఇది రాదు" అని పైనే రాసుకోవాలి.

పని దొరికాక మరో పరీక్ష. మన ఫిఖహ్ పండితులు పనివారిని రెండు రకాలుగా చూశారు. కాలానికి కూలి తీసుకునేవాడు అజీరె ఖాస్. దర్జీలాగా పనికి కూలి తీసుకునేవాడు అజీరె ముష్తరక్. గంటల లెక్కన ఒప్పుకున్నవాడు మొదటి కోవకు వస్తాడు. అతను అమ్మింది తన కాలాన్ని. కొన్ని చోట్ల కంప్యూటర్ తెరను పది నిమిషాలకొకసారి ఫోటో తీసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఏమార్చడానికి మౌస్‌ను కదిలించే పరికరాలు పెట్టేవారూ ఉన్నారు. ఫోటో తీయని క్షణాలను సైతం అల్లాహ్ చూస్తున్నాడని వారు మరిచారు. ఇక పనికి కూలి ఒప్పుకున్నవారి సంగతి. "నువ్వే చేయాలి" అన్న షరతు ఉన్నప్పుడు దాన్ని మరొకరి చేత చేయించరాదని హనఫీ పండితులు తెలిపారు. కృత్రిమ మేధ చేత రాయించి, స్వయంగా రాశానని చెప్పడానికీ ఇదే సూత్రం వర్తిస్తుందని మేము భావిస్తున్నాము.

మరి కొత్తవాడు ఎలా ప్రారంభించాలి? దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ మూసా (అ) గాథ చూడండి. ఈజిప్టు వదిలి మద్‌యన్ చేరిన ఆయన గురించి చెప్పేవారు అక్కడ ఒక్కరూ లేరు. బావి దగ్గర ఇద్దరు స్త్రీల మందకు ఏ కూలీ అడగకుండా నీళ్ళు తోడి పెట్టారు. ఆపై నీడకు వెళ్ళి, తన అవసరాన్ని ప్రభువుకే విన్నవించుకున్నారు. కాసేపటికి ఆ స్త్రీలలో ఒకామె, ఇతను బలవంతుడు, నమ్మకస్తుడు, పనికి పెట్టుకోండని తండ్రికి చెప్పింది. చేసిన పనే ఆయనకు సాక్ష్యమైంది. ఎనిమిదేళ్ళు, ఇష్టమైతే పదేళ్ళు అన్న ఒప్పందం కుదిరింది.

మీరూ మీ చేత్తో చేసిన నమూనాలు నాలుగు పెట్టండి. మస్జిద్‌కో, మదర్సాకో, వీధిలోని దుకాణానికో ఒక పని చేసిపెట్టి, దాన్ని ఉన్నదున్నట్లు చూపండి. ఆలస్యం కావచ్చు. అబద్ధమాడినవాడు మీకంటే ముందుకు పోవచ్చు కూడా. కానీ మన రిజ్ఖ్ రాసినవాడు స్టార్లను చూసి రాయలేదు.

అల్లాహ్ మన సంపాదనలో శుభాన్నీ, మన మాటలో సత్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.