అందమునకు జోడు, పరుగునకు జోడు



ఈ మాసము మేము కాలి జోళ్లను గూర్చి వ్రాయుచున్నాము. ఇది మిక్కిలి చిన్న సంగతి అని కొందరికి తోచవచ్చును. అయితే తెల్లవారకమునుపే రోడ్డు వెంబడి పరుగు సాధకము చేయు మన పల్లె పిల్లలను చూచినవారు అట్లు అనుకొనరు. రెండు తెలుగు రాష్ట్రములును 2022లో ప్రకటించిన పోలీసు కానిస్టేబులు నియామకములలో పురుషులకు 1600 మీటర్ల పరుగు పరీక్ష పెట్టిరి. ఒక్క పరుగుమీద ఒక యింటి ఆశ అంతయు ఆనుకొని యుండును. అందుచేత తండ్రి కూలి డబ్బులో మిగిల్చి, లేక తల్లి పొదుపు సంఘములో అప్పు తీసికొని, కుమారునికి బూట్లు కొనును.

దుకాణములో రెండు జతలు ప్రక్కప్రక్కనే యుండును. రెంటికిని రబ్బరు అడుగు కలదు, లేసులు కలవు, ప్రక్కన చారలు కలవు. ఒకటి స్నీకర్లు, అనగా వీథిలో సొగసుగా తొడుగుకొని తిరుగుటకు చేసినవి. రెండవది పరుగునకును వ్యాయామమునకును చేసిన షూ. ఒక్కొక్కప్పుడు రెంటి వెలయు ఒకటే. వీటిలో ఏది కొనవలెనన్నది పైకి కనబడు ప్రశ్న. దాని క్రింద మరియొక ప్రశ్న కలదు. ఒక వస్తువు తాను చేయలేని పనిని చేయగలదానివలె కనబడినయెడల, అది తప్పా? తప్పయినయెడల, ఆ తప్పు ఎవరిది?

మొదట భేదమును చూతము. మనుష్యుడు పరుగెత్తునప్పుడు ప్రతి అడుగునను అతని శరీరపు బరువుకు రెండింతలు మూడింతల దెబ్బ పాదముమీద పడును. అరువది కిలోల కుర్రవాని పాదముమీద ఒక్కొక్క అడుగునకు 120 మొదలు 180 కిలోల భారము పడునన్నమాట. 1600 మీటర్లలో ఇట్టి అడుగులు వెయ్యికి పైగా వేయవలెను. ఈ లెక్కను మనస్సులో పెట్టుకొనియే పరుగు షూను చేయుదురు. దాని రబ్బరు అడుగునకును పాదమునకును మధ్య దళసరి నురుగు పొర యుండును. 1970ల నడిమి కాలము నుండి దీనికి ఇ.వి.ఏ. అను తేలికైన పదార్థమును విరివిగా వాడుచున్నారు. అది దెబ్బ తగిలినప్పుడు అణగి మరల లేచును. పై భాగము గాలి ఆడు వలగుడ్డతో ఉండును. మడమ చుట్టును గట్టి కట్టు ఉండును. పాదము వ్రేళ్ల మొదట వంగును గనుక షూ కూడ అక్కడనే వంగును.

స్నీకర్ల సంగతి వేరు. వాటి పై భాగము తోలుతోనో దళసరి కాన్వాసుతోనో ఉండును. అడుగు చదునైన రబ్బరు. లోపల పలుచని మెత్త. అవి బరువైనవి, త్వరగా అణగనివి. నిలుచుటకు, నడచుటకు, సంతకు పోయి వచ్చుటకు ఇవి చక్కగా సరిపోవును. ప్రతి దినము దూరము పరుగెత్తువాని దెబ్బను మ్రింగుటకు మాత్రము అవి చేయబడలేదు.

ఎద్దుబండ్లు తోలిన కాలము ఎరిగిన పెద్దలకు ఈ భేదము వెంటనే తెలియును. పండుగనాడు ఎద్దు కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టెడివారు. గట్టి బాటమీద బండి లాగవలసిన ఎద్దుకు గిట్టలు అరుగకుండ నాడాలు కొట్టించెడివారు. గంటలు కట్టినవానిని ఎవరును తప్పుపట్టలేదు. అది పండుగ, అది సంతోషము. అయితే గంటలు కట్టితిని గనుక గిట్టలు అరుగవని తలంచిన రైతు ఏ ఊరిలోను లేడు. గంట ఎద్దు మెడకు, నాడా ఎద్దు గిట్టకు. రెండును వేరువేరుగా కంటికి కనబడెను గనుక ఎవరును మోసపోలేదు. జోళ్ల విషయములో చిక్కేమనగా, ఇచ్చట గంటయు నాడాయు ఒకే రూపము ధరించినవి.

ఇవి ఒకే రూపము ఎట్లు ధరించెను? వాటి చరిత్రలో దీనికి జవాబు కలదు. అమెరికా దేశస్థుడైన చార్లెస్ గుడ్‌యియర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు విధమునకు 1844లో పేటెంటు పొందెను. తరువాత రబ్బరు అడుగు జోళ్లు వాడుకలోనికి వచ్చెను. వాటితో నడచిన చప్పుడు కాదు. అలికిడి లేక అడుగుపెట్టుట అను అర్థముగల ఇంగ్లీషు మాట నుండియే స్నీకరు అను పేరు పుట్టెను. కాన్వర్స్ కంపెనీ 1917లో ఆల్ స్టార్ అను జోడును బాస్కెట్‌బాల్ ఆట కొరకు చేసెను. 1936 బెర్లిన్ ఒలింపిక్ ఆటలలో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు ఆ జోడునే తొడిగి బంగారు పతకము గెలిచెను. ఆడిడాస్ కంపెనీవారి సూపర్‌స్టార్ 1969లో అదే ఆట కొరకు వచ్చినది. 1986లో రన్ డీఎంసీ అను న్యూయార్కు గాయకులు ఆడిడాస్ జోళ్లమీద పాట పాడగా, ఆటస్థలము ఎరుగని యువకులు సహితము వాటిని తొడిగిరి.

ఇంతలో ఆటగాండ్ర జోడు వేరే దారి పట్టెను. ఆరెగాన్ రాష్ట్రములో పరుగు శిక్షకుడైన బిల్ బోవర్‌మన్ 1970ల ఆరంభమున, వాఫుల్ అను గళ్ల రొట్టెను కాల్చు తన ఇంటి పెనములో రబ్బరువంటి పదార్థమును పోసి, నేలను పట్టుకొను తేలికైన అడుగు కొరకు ప్రయత్నించెను. నాటి నుండి పరుగు షూ ఏటేట మారుచు వచ్చినది. పాత జోడు మారక అట్లే నిలిచి వీథి సొగసై పోయినది.

కాబట్టి పైన పటారము లోన లొటారము అను మన సామెతను స్నీకర్లమీద వేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. అవి పుట్టుకతో అబద్ధికులు కావు. వాటిలో అనేకము ఒకప్పుడు నిజముగా పని చేసి, తరువాత పని నుండి విరమించినవి. వయస్సు మీరిన పనివాడు తెల్లని బట్టలు కట్టి అరుగుమీద కూర్చుండినయెడల అతడు ఎవరిని మోసగించెను? అతనిని పిలిచి ధాన్యపు బస్తా నెత్తికెత్తినవాడే తెలివిలేనివాడు.

జోడు లేకయే గెలిచినవారు లేరా అని కొందరు అడుగుదురు. ఉన్నారు. ఇథియోపియా దేశస్థుడైన అబెబె బికిలా 1960లో రోము నగరమున 42 కిలోమీటర్లకు పైబడిన మారథాన్ పరుగును వట్టికాళ్లతో పరుగెత్తి బంగారు పతకము గెలిచెను. అదే మనుష్యుడు 1964లో టోక్యోలో జోడు తొడిగి మరల గెలిచెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పందెపు పరుగును గూర్చిన మాట కలదని మీకు తెలియును. ఆ పట్టణము దగ్గర ఇస్త్మియా క్రీడలు జరుగుచుండెను. ఆనాటి గ్రీకు పరుగుగాండ్రు వట్టికాళ్లతోనే పరుగెత్తిరి. దీనివలన మనకు తెలియునదేమి? వట్టి పాదము ఏ వాగ్దానమును చేయదు. వట్టికాళ్లతో పరుగెత్తువాడు తనకున్నది ఎంతో ఎరిగి, రాయి చూచుకొని, నేల చూచుకొని, దినదినము కొంచెము కొంచెముగా పాదమును గట్టిపరచుకొనును. తనకు లేనిది ఉన్నదని తలంచినవానికే అపాయము. జోడున్నది గదా అని తారు రోడ్డుమీద ఒక్కసారిగా దూరము పెంచివేయును. పిక్క పట్టుకొనును, మోకాటి క్రింది ముందెముక నొచ్చును. పరీక్ష దినమున కుంటుచు నిలువవలసి వచ్చును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. తప్పు జోడుదా? కాదు, జోడుకు నోరు లేదు. అందమును కోరినవానిదా? అదియు కాదు. యౌవనస్థుడు పెండ్లికి తెల్లని స్నీకర్లు తొడిగివచ్చిన, అతనిని గర్వియని ఆక్షేపించు పెద్దల మాటతో మేము ఏకీభవింపము. తెలియక కొన్న తండ్రిదా? ఎన్నడును కాదు. పోలికనుబట్టి నమ్ముట మనుష్య స్వభావము. దుకాణమున అతడు అడిగినది, మా అబ్బాయి పరుగెత్తవలెను, మంచివి ఇమ్మని. ఆ మాట విన్న క్షణమున తెలిసినవానిమీద ఒక ఋణము పడును. ఇవి తిరుగుటకే గాని పరుగెత్తుటకు కావు అని చెప్పవలసినవాడు, అమ్ముడుపోయిన చాలునని ఊరకుండినయెడల, అంతవరకు పోలికగా ఉన్నది ఆ ఘడియ నుండి మోసమగును. అతడు ఒక్క అబద్ధపు మాటయు పలుకలేదు, నిజమే. మౌనము అతని పక్షమున పలికెను. ఇక పేరున్న కంపెనీ గుర్తును అంటించి నకలు జోడు అమ్మువానిని గూర్చి చెప్పనేల?

ఈ ఋణము అంగడివానిది మాత్రమే కాదు. పట్టణములో చదివి వచ్చిన అన్న, బడిలో ఆటలు నేర్పు మాస్టరు, నిరుడు పరీక్షకు పోయి వచ్చిన పొరుగింటి కుర్రవాడు, వీరందరికి ఈ భేదము తెలియును. కొన్నవారు చిన్నబుచ్చుకొందురేమో అని వీరు నోరు మూసికొందురు. చిన్నబుచ్చుకొనుట ఒక దినపు సంగతి. కాలు పాడైన ఒక యేడు పోవును. ఉద్యోగ వయస్సు దాటుచున్నవానికి ఆ యేడు తిరిగి రాదు.

తెలిసినవారు చెప్పవలసిన సంగతులు కొన్ని ఇచ్చట వ్రాయుచున్నాము. అడుగు ప్రక్కను బొటనవ్రేలితో నొక్కి చూడుడి. నురుగు అణగి లేవవలెను. ముందు కొనను మడమను పట్టి వంచుడి. వ్రేళ్ల మొదట వంగవలెను, నడిమికి విరిగినట్లు వంగరాదు. మడమ కట్టు గట్టిగా ఉండవలెను. సాయంకాలమున పాదము కొంచెము ఉబ్బును గనుక అప్పుడే, మేజోళ్లు తొడిగి, కొలత చూచుకొనుడి. పెద్ద వ్రేలి ముందు బొటనవ్రేలు వెడల్పు చోటు మిగులవలెను. వెల ఎక్కువైనంత మాత్రమున పరుగునకు తగినదని నమ్మవద్దు. సొగసునకు కూడ పెద్ద వెల కలదు. పరుగు షూ అన్నిటికిని మంచిదనియు తలంపవద్దు. పెద్ద బరువులు ఎత్తువారికి మెత్తని నురుగు నిలుకడ ఇయ్యదు; చదునైన గట్టి అడుగే వారికి మేలు. ఏ జోడును సమస్తమైన గాయముల నుండి కాపాడదు. నొప్పి తగ్గకున్న పరుగు ఆపి వైద్యునికి చూపవలెను. మంచి జోడు కొనుటకు చేతకానియెడల, మెత్తని మట్టి నేలమీద, దూరము మెల్లగా పెంచుకొనుచు పరుగెత్తుట తారు రోడ్డుకంటె మేలు.

మరియొక మాట. మంచి పరుగు షూ కూడ 500 మొదలు 800 కిలోమీటర్లు పరుగెత్తిన తరువాత లోపలి నురుగు చచ్చిపోవును. పై గుడ్డ క్రొత్తదిగానే కనబడుచుండును. అప్పుడు అదియు తిరుగుటకు పనికివచ్చు జోడే. ఒకప్పుడు తగినది ఎల్లప్పుడును తగినదిగా ఉండదు గనుక, ఈ విచారణ కొన్ననాడు ఒక్కసారి చేసి విడుచునది కాదు.

చదువరులారా, ఈ నెలలో మీ ఇంటనైనను పొరుగింటనైనను ఎవరైన పరుగు సాధకము చేయుచున్నయెడల, వారి జోడును చేతిలోనికి తీసికొని ఒకసారి వంచి చూడుడి. తగనిదైనయెడల నవ్వవద్దు, కొన్నవారిని నిందింపవద్దు. ఇది పండుగలకు దాచుకొనుమని మెల్లగా చెప్పుడి. మీ చేతనైనయెడల తగినదానికి కొంత సొమ్ము కలుపుడి. చేతకానియెడల, చెప్పిన మాటయే సహాయమని యెంచుడి.