స్వభావానికి తేదీ ఉంటుందా?

అమెరికాలోని నార్త్ కరోలైనాలో పైన్‌హర్స్ట్ రెండో నంబరు గోల్ఫ్ మైదానం ఉంది. 1907లో దాన్ని పూర్తి చేసిన డొనాల్డ్ రాస్ 1948లో పోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు. అక్కడిది ఇసుక నేల. వాన పడ్డా నీరు నిలవదు. పడిన బంతి ఆగకుండా దొర్లుతుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నీళ్లు పెట్టి పెట్టి ఆ నేలని మెత్తటి పచ్చ తివాచీగా మార్చేశారు. 2010-11లో గోల్ఫ్ మైదానాల రూపకర్తలు బిల్ కూర్, బెన్ క్రెన్షా దాదాపు 35 ఎకరాల పచ్చిక పీకించి, ఇసుకని మళ్లీ బయటపెట్టి, వైర్‌గ్రాస్ దుబ్బులు నాటించారు. సుమారు 1,150 ఉన్న స్ప్రింక్లర్లు 450కి దిగాయి. అందరూ దీన్ని ‘అసలు రూపం తేవడం’ అన్నారు. నాకు ఆ ‘అసలు’ దగ్గరే పేచీ.

కూర్, క్రెన్షాలకి దారి చూపినవి 1943లో విమానంలోంచి తీసిన ఫొటోలు, భూమిలో మిగిలిన పాత నీటి గొట్టం. సహజత్వానికి ఆనవాలు ఒక గొట్టం! పైగా 1935 దాకా ఇక్కడి గ్రీన్లలో, అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే జాగాల్లో, గడ్డే లేదు, వట్టి ఇసుక. మరి అసలు 1907దా, 1943దా? తాబేలు వీపులాంటి గ్రీన్ల ఉబ్బు కూడా ఏళ్ల తరబడి పైన చల్లిన ఇసుకతో పెరిగిందని చాలామంది అంటారు. అయినా దాని జోలికి పెద్దగా పోలేదు. అసలు అనేది ఒక తేదీనాటి రూపమే అయితే ఈ పని సగంలోనే ఆగిందనాలి. నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు మూలమధ్యమకకారికలో సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు: స్వభావమంటే ఒకరు చేసింది కాకూడదు, ఇంకొకదాని మీద ఆధారపడకూడదు, కారణాల వల్ల పుట్టిన దేనిలోనూ అలాంటిది దొరకదు.

అలాగైతే పచ్చ తివాచీ మాత్రం ఏం పాపం చేసిందని అడగొచ్చు. అన్నీ ఆధారపడినవే అన్నంత మాత్రాన అన్ని ఆధారాలూ ఒకటి కావు. తివాచీ బతుకంతా నీటి కుళాయి చేతిలో ఉంది. కింద ఇసుక ఉన్నా బంకమన్ను ఉన్నా దానికి ఒకటే. గట్టి నేల మీద అలా కుదరదు. గ్రీన్‌కి పది గజాల ఇవతల పడిన బంతి ఎటు పోతుందో ఇసుక, వాలు, మొన్నటి వాన కలిసి తేలుస్తాయి. పునరుద్ధరణ అంటే ఆ కారణాలకి మళ్లీ పని అప్పజెప్పడమే. రూపం దాన్నిబట్టి వస్తుంది, కొంచెం అటూ ఇటూగా.

చేత్తో నాటిన గడ్డి సహజమెలా అవుతుందన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. కాదనను. కానీ ఆ వైర్‌గ్రాస్ సంగతే చూడండి. పైన్ అడవుల్లో వేసవి మంట దాన్ని కాల్చిపోయాకే అది బాగా పూస్తుంది. మంట ఆపితే దుబ్బు ఉంటుంది గానీ విత్తనం సరిగా రాదు. దాని స్వభావం గడ్డిలో ఉందా, నిప్పులో ఉందా? మనిషి చెయ్యి కూడా ఆ నిప్పులాంటి ఒక కారణమే. అది ఎప్పుడు తగ్గి ఉండాలన్నదే ప్రశ్న. 2014 జూన్‌లో పురుషుల, స్త్రీల యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలు వరసగా రెండు వారాలు ఈ మైదానంలోనే జరిగాయి. టీవీలో చూసి, మైదానం ఎండిపోయిందని విసుక్కున్నవాళ్లున్నారు. వాళ్లు చూసింది నడుమ పచ్చగా మొదలై, నీళ్లు అందినంత మేర సాగి, అంచుల్లో గోధుమ రంగుకి తిరిగిన గడ్డిని.