యెరికో త్రోవలో అద్దె కారు

(లూకా 10:25-37 చదువుకొనుడి)



పరదేశమున కారు అద్దెకు తీసికొను ప్రయాణికుని మనస్సులో మొదట పుట్టు ప్రశ్న, “నాకేమి జరుగునో?” అనునదే. త్రోవ తెలియదు, భాష తెలియదు. మనవలె ఎడమ ప్రక్కన గాక, అనేక దేశములలో కుడి ప్రక్కన నడుపవలెను. కనుక లైసెన్సు, బీమా కాగితములు, బ్రేకులు, టైర్లు చూచుకొని బయలుదేరుట మంచిదే. కీడును ముందుగా కనిపెట్టుట బుద్ధిమంతుని లక్షణమని సామెతల గ్రంథము మనకు నేర్పుచున్నది.

అమెరికాలో నల్లజాతివారి హక్కులకొరకు పాటుపడిన బాప్తిస్టు బోధకుడు మార్టిన్ లూథర్ కింగ్‌గారు 1959లో మన దేశమును దర్శించి, తిరుగు ప్రయాణములో యెరూషలేమునకు వెళ్లిరి. ఆయనయు భార్యయు అక్కడ కారు అద్దెకు తీసికొని యెరికోకు బయలుదేరిరి. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల ఎత్తున ఉన్నది. యెరికో సుమారు 250 మీటర్ల దిగువను ఉన్నది. నడుమ ఎండిన కొండలు, లోయలు, మలుపులు. దొంగలు పొంచియుండుటకు తగిన త్రోవ! ప్రభువు తన ఉపమానమునకు దీనినే ఎందుకు ఎన్నుకొనెనో ఆయనకు అప్పుడు బోధపడెను.

1968 ఏప్రిల్ 3న మెంఫిస్ పట్టణములో, సమ్మె చేయుచున్న పారిశుద్ధ్య పనివారి పక్షముగా మాటలాడుచు ఆయన ఆ ప్రయాణమును జ్ఞాపకము చేసికొనిరి. యాజకుడును లేవీయుడును భయపడియుందురేమో అనిరి. దొంగలు ఇంకను దగ్గరనే ఉండవచ్చును. పడియున్నవాడే దొంగ కావచ్చును. ఆగినయెడల తమకేమగునని వారు తలంచిరి. ఆగనియెడల వీనికేమగునని సమరయుడు తలంచెను. ఆ ఉదయమే బాంబు బెదిరింపుచేత కింగ్‌గారి విమానము ఆలస్యమాయెను. అయినను ఆయన ఆ పనివారియొద్దకు వచ్చిరి. మరునాడు కాల్చి చంపబడిరి.

సహోదరులారా, యెరికో త్రోవ మన ఊరి ప్రక్కనే ఉన్నది. రాత్రివేళ మోటారు సైకిలు పడియుండును, మనుష్యుడు మూలుగుచుండును. పోలీసులు తమనే పట్టుకొందురేమో, కోర్టు చుట్టు తిరుగవలెనేమో అని అనేకులు ప్రక్కగా పోవుదురు. అయితే 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, సద్భావముతో గాయపడినవానికి సహాయము చేయువానిని కేసులనుండి కాపాడుచున్నది. అతనిని పేరు, చిరునామా చెప్పుమని బలవంతపెట్టరాదు. ఇంగ్లీషు చట్టములో అట్టివానికి పెట్టిన పేరు మంచి సమరయుడనియే! 108కి ఫోను చేయుటకు ఎంతసేపు పట్టును?

ప్రయాణములో జాగ్రత్తగా నుందము. అయితే మన క్షేమమును చూచుకొనుటతోనే మన ప్రశ్న ముగిసిపోకుండునుగాక.

ప్రభువా, త్రోవలో మమ్మును కాపాడుము. త్రోవలో పడియున్నవానిని మేము దాటిపోకుండ మా అడుగులు ఆపుము. ఆమేన్.