కనబడని క్రిమి, కరుణకు ప్రమాణం

మధిర ప్రాంతంలో వైరా నది ఒడ్డునా, సాగర్ ఎడమ కాలువ కింది వరిమడుల గట్లమీదా మేసే గేదె ఒళ్లు చిక్కి, పాలు తగ్గి, దవడ కింద నీరు దిగినప్పుడు, దాని బాధ తీర్చడానికి లోపలి క్రిములను చంపడం ధర్మమేనా అన్నది అహింసను పరమధర్మంగా ఎంచే సంప్రదాయాలన్నిటికీ ఎదురయ్యే ప్రశ్న. జైన సిద్ధాంతం జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వింగడించి, పురుగులను, నత్తలను స్పర్శ, రుచి మాత్రమే ఎరిగిన ద్వీంద్రియాలుగా, పేలను త్రీంద్రియాలుగా, ఈగలను చతురింద్రియాలుగా, పశువును పంచేంద్రియంగా చెప్పింది. ఈ వరుస హింసలోని తారతమ్యాన్ని తెలుపుతుందే గాని అల్పజీవిని చంపడం హింస కాదనదు. అందువల్ల ఆ హింసకు పూనుకునేవాడు దాని అవసరాన్ని ముందుగా నిశ్చయించుకోవలసి ఉంటుంది.

ఆ నిశ్చయం లక్షణంతోనే కలగదు. దవడ కింది వాపు కార్జపు జలగల వల్ల రావచ్చు, నెత్తురు పీల్చే నులిపురుగుల వల్లనూ రావచ్చు. సాధించదలచినది లేనిచోట కూడా కనబడే ఇలాంటి హేతువును తర్కశాస్త్రం సవ్యభిచారం అంటుంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో హేత్వాభాసాలను, అంటే హేతువులా తోచే దోషాలను చెబుతూ మొదట దీన్నే లెక్కించాడు. కాబట్టి లక్షణాన్ని దాటి పేడను పరీక్షించాలి. కొద్దిపాటి పేడను నీటిలో కలిపి, వడగట్టి, కదలకుండా ఉంచితే బరువైన జలగ గుడ్లు అడుగుకు చేరతాయి. పైనీటిని వంచేసి, మడ్డిలోని చుక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే కార్జపు జలగ గుడ్డు బంగారు పసుపు రంగులో, ఒక కొనన చిన్న మూతతో కనబడుతుంది. పొట్ట జలగ గుడ్డుది దాదాపు అదే ఆకారమైనా, అది రంగులేక తేటగా ఉంటుంది.

గుడ్డు కనబడనంత మాత్రాన జలగ లేదనడానికీ వీల్లేదు. లేమిని తెలిపే ప్రమాణాన్ని అనుపలబ్ధి అన్న భాట్ట మీమాంసకులు, ఉంటే తప్పక కనబడవలసినది కనబడనప్పుడే అది లేదని తేల్చాలని నియమం పెట్టారు. పిల్ల జలగలు కార్జాన్ని తొలుస్తూ పశువును కుంగదీసే తొలి వారాలలో గుడ్లే పెట్టవు. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్రాల, ఒంటెల నెత్తుటిలో గుర్తించిన సర్రా వ్యాధి క్రిమి కూడా ఒకనాడు విస్తారంగా, మరొకనాడు అరుదుగా ఉంటుంది కనుక, ఒక్క రక్తపు పూతలో కనబడలేదని గుర్రాన్ని ఆరోగ్యవంతమని చెప్పడం తొందరపాటు.

పరీక్ష లేకుండా పదేపదే మందు పోస్తే, దానికి తట్టుకున్న క్రిములే మిగిలి సంతతిని పెంచుకుంటాయి. అప్పుడు చంపిన పాపమే మిగిలి, పశువుకు మేలు దక్కదు. చరకసంహిత విమానస్థానం క్రిమిచికిత్సను మూడుగా చెప్పింది: క్రిములను బయటికి తీయడం అపకర్షణం; అవి పెరిగే పరిస్థితిని చెరచడం ప్రకృతివిఘాతం; మూడవది వ్యాధికి కారణమైనవాటిని విడిచిపెట్టడం. కార్జపు జలగ పిల్లదశలో నత్తలో పెరిగి, నీటి ఒడ్డు గడ్డి పరకలకు అంటుకుని పశువును చేరుతుంది కాబట్టి, నత్తలున్న మడుగుల దగ్గర మేపకపోవడం ఈ మూడవ మార్గమే అవుతుంది. రోగమేదో తేలినప్పుడు మందు వాడడం పశువుపట్ల కర్తవ్యమే. తేల్చుకునే శ్రమను తప్పించుకోవడం మాత్రం పశువుపట్లా పురుగుపట్లా హింసే, ఎందుకంటే నోరులేని జీవి తరఫున నిజాన్ని వెతకడం దయలో మొదటి భాగం.