కూలి అందని నమ్మకత్వము

ధ్యానమునకు: 1 కొరింథీయులకు 9:7–15, ఆదికాండము 31:36–42



సంఘ పత్రికలో బంతియాట ప్రస్తావన ఏల అని పెద్దలు కొందరు అడుగవచ్చును. అపొస్తలుడైన పౌలు పందెమునందు పరుగెత్తువారిని గూర్చి వ్రాయుటకు సందేహింపలేదు గనుక మేమును వ్రాయుచున్నాము. అంతేగాక, 2024వ సంవత్సరములో ఒక ప్రసంగమందు మేము చెప్పిన మాట యొకటి సరిదిద్దవలసి యున్నది. అందరి యెదుట చెప్పిన తప్పును ఒకరి చెవిలో మాత్రము సరిదిద్దుట న్యాయము కాదు.

మన పటాన్‌చెరు నుండి లింగంపల్లి మీదుగా గచ్చిబౌలికి పోయినచో అక్కడ బాలయోగి క్రీడాప్రాంగణము కనబడును. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. అను ఫుట్‌బాల్ జట్టుకు అదియే సొంత మైదానముగా ఉండెను. పాశమైలారము, బొల్లారము ఫ్యాక్టరీలలో పని చేయు మన యౌవనులు షిఫ్టు దిగి, స్నానమైనను చేయక ఆ ఆటలకు పరుగెత్తుచుండిరని మేమెరుగుదుము. ఇది సెలవునాడు చెరువు గట్టున ఆడు ఆట కాదు. జీతమునకు ఆడు ఆట. ఆడువారికి అదే పొలము, అదే కొలువు.

ఆ జట్టు మొదటి సీజనులో, అనగా 2019–20లో, ఇండియన్ సూపర్ లీగ్ పోటీలలో పది జట్లకును కడపటిదిగా నిలిచెను. తరువాత స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలో జరిగిన అంతిమ పోటీలో కేరళ జట్టుతో 1–1గా సమముగా నిలిచి, పెనాల్టీలలో 3–1తో గెలిచి కప్పు సంపాదించెను. ఆ రాత్రి గోల్ కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపెను. మరుసటి సీజనులో పట్టికలో రెండవ స్థానము. కడపటివారు మొదటివారగుదురను వాక్యమునకు దీనిని దృష్టాంతముగా వాడుకొనిన బోధకులలో మేమును ఒకరము.

అటుపిమ్మట 2023–24 సీజను వచ్చెను. జట్టులో జీతములు నెలల తరబడి నిలిచిపోయినవని పత్రికలు వ్రాసెను. బకాయిల నిమిత్తము క్రొత్త ఆటగాళ్ళను చేర్చుకొనకూడదని ఫీఫా సంస్థ నిషేధము విధించెను. విదేశీ ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయిరి. బ్రెజిల్ దేశస్థుడైన జొవావో విక్టర్, అతనితో మన దేశపు కుర్రవాండ్రు మిగిలిరి. ఇరువదిరెండు ఆటలలో పదునారు ఓడిరి, అయిదు సమముగా ముగిసెను. గెలిచినది ఒక్కటే: మార్చి నెలలో చెన్నైకి పోయి, అక్కడి జట్టును 1–0తో ఓడించిరి.

ఆ ఒక్క గెలుపు మా మనస్సును పట్టుకొనెను. తరువాతి ఆదివారము నమ్మకత్వమును గూర్చి ప్రసంగించుచు, ఆ కుర్రవాండ్రను మిక్కిలి మెచ్చుకొంటిమి. జీతము రాకున్నను మైదానము విడువలేదు, మన విశ్వాసులును ఆలాగుననే యుండవలెను అని చెప్పితిమి. సంఘము బాగుగా వినెను. ప్రసంగము బాగుగా కుదిరినదని లోలోపల సంతోషించితిమని కూడ ఒప్పుకొనుచున్నాము.

ఆరాధన ముగిసిన తరువాత ఇస్నాపూరులో అద్దె గదిలోనుండి కంపెనీ పనికి పోవు ఒక అబ్బాయి మా వరండా దగ్గర నిలిచెను. చెప్పులు విడిచి లోపలికి రమ్మంటే రాలేదు.

“అయ్యగారూ, ఆ పిలగాండ్లు జీతం లేకున్నా ఆడిండ్రని మెచ్చుకుంటిరి. మాకు గూడ రెండు నెలలాయె పైసలు రాక. మా కంట్రాక్టరు గదే మాటంటడు, నమ్మకంగ పని చేయుండ్రి, అవే వస్తయ్ అని. మీరెవరి దిక్కు మాట్లాడిండ్రు అయ్యగారూ?”

మాకు జవాబు తోచలేదు. మంచినీళ్ళిచ్చి, ప్రార్థన చేసి పంపితిమి. ప్రార్థన చేసి పంపుట కొన్ని సార్లు జవాబు తప్పించుకొనుటయే యని సేవకులకు బాగుగా తెలియును.

ఆ రాత్రి 1 కొరింథీ 9వ అధ్యాయము తీసితిమి. పందెమును గూర్చిన మాటలు ఆ అధ్యాయము చివర నున్నవి. ప్రసంగములకు మేమెల్లప్పుడు ఆ చివరనే పట్టుకొందుము. దానికి ముందు పౌలు ఏమి వ్రాసెనో చూడుడి. తన ఖర్చు తానే పెట్టుకొని దండులో కొలువు చేయువాడెవడని అడుగుచున్నాడు. ద్రాక్షతోట వేసినవాడు దాని ఫలము తినడా, మంద మేపువాడు పాలు త్రాగడా యనుచున్నాడు. కళ్ళము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము కట్టకూడదను మోషే ధర్మశాస్త్రమును ఎత్తి చూపుచున్నాడు. కూలి సంగతి తేల్చిన తరువాతనే పందెము సంగతికి వచ్చుచున్నాడు. మేము ఆ మొదటి భాగమును దాటించి చదివితిమి.

అయితే పౌలు తన హక్కును వాడుకొనలేదు గదా అని ఒకరు అనవచ్చును. నిజమే, వాడుకొనలేదు. కాని విడిచిపెట్టినది పౌలే. కొరింథు సంఘపు పెద్దలు అతని జీతమును పట్టుకొని, నీవు అపొస్తలుడవు గనుక ఓర్చుకొనుమని చెప్పియుండిన యెడల, అది వేరు సంగతి. ఒకడు తన చేతిలోనిది తానే విడిచినప్పుడు అది కానుక. అతని చేతికి రానీయక మరియొకడు పట్టుకొనినప్పుడు దానికి కానుక యను పేరు లేదు. కానుకను మెచ్చుకొనవచ్చును. బాకీపడినవాడు మాత్రము దానిని అడుగరాదు, అతని పక్షముగా బోధకుడును అడుగరాదు. మేము ఆ ఆదివారము చేసినది అదే.

ఇంకొక సంగతి మమ్మును ఎక్కువగా బాధించెను. నిలిచినవారు నమ్మకత్వముచేత నిలిచిరా, పోవుటకు చోటు లేక నిలిచిరా? మాకు తెలియదు, వారిలో కొందరికైనను తెలియదేమో. ఫీఫా నియమములలో 2018 నుండి ఒక ఏర్పాటున్నది. రెండు నెలల జీతము అందనియెడల ఆటగాడు పదునైదు దినముల గడువిచ్చి ఒప్పందమును విడుచుకొనవచ్చును. పేరున్నవాడు విడుచుకొనిన, వేరొక జట్టు అతనిని పిలుచును. పేరులేని పందొమ్మిదేండ్ల కుర్రవాడు ఎక్కడికి పోవును? మన యిస్నాపూరు అబ్బాయి సంగతి ఇంకను ఇరుకు. రెండు నెలల బాకీయే అతనికి పలుపుత్రాడు. పని విడిచి పోయిన, ఆ రెండు నెలలది పోయినట్లే యని అతని భయము. పశువును గుంజకు కట్టి, ఎంత నమ్మకముగా నిలిచియున్నదో చూడుడని మేము సంఘమునకు చెప్పినట్లాయెను.

వెళ్ళిపోయిన ఆటగాళ్ళను గూర్చి కూడ మేము చులకనగా మాటలాడితిమి. వారికిని ఇండ్లు, పిల్లలు ఉన్నారు గదా. యాకోబును చూడుడి. లాబాను యింట ఇరువది యేండ్లు పగటి యెండకు, రాత్రి మంచుకు ఓర్చెను. మృగములు చీల్చిన గొఱ్ఱెల నష్టమును కూడ తానే పెట్టుకొనెను. లాబాను పదిమార్లు జీతము మార్చెను. అంత నమ్మకస్థుడైన యాకోబు కడకు ఏమి చేసెను? వెళ్ళిపోయెను. వెళ్ళుమని చెప్పినవాడు దేవుడే. లాబాను వెంటబడి పట్టుకొనినప్పుడు యాకోబు తల వంచుకొని నిలువలేదు. ఇరువది యేండ్ల లెక్క అతని ముఖము మీదనే చెప్పెను. ఆ లెక్కను దేవుడు వినెను.

పూర్వము మన హైదరాబాదు ఫుట్‌బాల్ పేరు దేశమంతట మ్రోగుచుండెను. సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచెను. దాని గురువు సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలోనే 1962లో మన దేశము జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకము పొందెను. ఆ పోలీసు జట్టువారికి కొలువు ఉండెను, ఆట ఎట్లున్నను కొలువునకు జీతము ఉండెను.

మన మెదకు కతీడ్రలును తలంచుకొనుడి. కరవు దినములలో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఆకలిగొన్న ప్రజలకు ఊరక పంచిపెట్టక, కట్టడపు పని కల్పించి, ఆ పనికి ప్రతిగా ఆహారము దొరకునట్లు చేసెనని మన పెద్దలు చెప్పుదురు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయమునకు క్రిస్మసు నాడు మన సంఘములవారు బండ్లు కట్టుకొని పోవుచుండిరి, ఇప్పుడు బస్సులలో పోవుచున్నారు. గోపురము ఎత్తు చూచి ఆశ్చర్యపడుదుము. ఆ రాయి మోసినవాడు ఆ పూట తినెను గదా అను తలంపు మాకిప్పుడు గోపురము కంటె పెద్దదిగా తోచుచున్నది. సూర్యుడు అస్తమింపకమునుపే కూలివానికి కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము విధించుచున్నది. ఏలయనగా ఆ కూలి మీదనే వాడు ఆశ పెట్టుకొని యున్నాడు.

హైదరాబాద్ ఎఫ్.సి. ఇప్పుడు లేదు. క్రొత్త యజమానుల చేతికి వచ్చి, 2025లో ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు పెట్టుకొనెను.

ఇక ఆ అబ్బాయి సంగతి. ప్రసంగమైన నాలుగవ దినమున అతని గదికి మేమే పోతిమి. ఎనిమిది మంది ఒక్క గదిలో నుండిరి, ఇద్దరు ఒడిశా వారు. మా తప్పు ఒప్పుకొంటిమి. కంట్రాక్టరు జీతమియ్యని యెడల పని చేయించుకొనిన కంపెనీయే చెల్లించవలెనని 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టములో నుండెను. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టములలోను ఆ బాధ్యత నిలిచియే యున్నది. వారిలో ఎవరికిని ఇది తెలియదు. నిజము చెప్పవలెనన్న మాకును తెలియదు, సంఘములో పదవీ విరమణ చేసిన గుమాస్తాగారొకరు చెప్పగా తెలిసికొంటిమి. ఆయనే అర్జీ వ్రాసెను. పదునొకండు మంది సంతకములు, వేలిముద్రలు వేసిరి. సోమవారము సంగారెడ్డిలోని కార్మికశాఖ కార్యాలయమునకు వారితో మేమును పోయి బల్ల మీద కూర్చుంటిమి.

ఒక నెల జీతము పది దినములలో వచ్చెను. రెండవ నెలది వచ్చుసరికి దసరా దాటెను. ఈలోగా ముగ్గురు పని మానుకొని వేరొక చోటికి పోయిరి. ఆ ఆదివారము సంఘ ప్రార్థనలో పోయినవారి పేళ్ళను, నిలిచినవారి పేళ్ళను కలిపియే చదివితిమి.